రెండో బంతి వడ్డన

నా పేరు తాతబాబు. తాతనయ్యే యోగం ఇంకా పట్టలేదు, బాబు అనిపించుకునే వయసు దాటిపోయింది, మధ్యలో యాభై మూడు దగ్గర ఇరుక్కున్నాను. ఈ మలయ్ దేశంలో ఒక విశ్వవిద్యాలయంలో ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపాను. కళ్ళకి చత్వారం వచ్చాక స్టీరింగు లాక్కుని నన్ను మొక్కల తెగుళ్ళ శాఖలో సహాయకుడిగా పడేశారు. శాఖ అంటే కొమ్మే కదా, ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి దూకడమే కదా అనుకుని, తోక ఒక్కటి తప్ప మిగతా అర్హతలన్నిటితో చేరిపోయాను.

చేరిన రోజే తెలిసింది, ఇక్కడ చేసే పనంతా నా భార్య పుష్పవల్లి ఇంట్లో వద్దని మొత్తుకునే పనేనని. ఇంట్లో అన్నానికి బూజు పడితే తిట్లు. ఇక్కడ బూజు పట్టకపోతే తిట్లు. దీపావళికి పుష్పవల్లి వాసనకి పాండాన్ ఆకు వేసి, సముద్రపు నాచుతో అగర్-అగర్ అనే జెల్లీ చేస్తుంది, చల్లారకముందు ముక్క ముట్టుకుంటే చెయ్యి మీద ఒకటి వేస్తుంది. ఇక్కడ అదే అగర్-అగర్‌ని గాజు పళ్ళేల్లో పోసి సూక్ష్మజీవులకి విందు చేస్తారు. జీవి ఎంత సూక్ష్మమైతే మర్యాద అంత స్థూలం. నాది స్థూలకాయం కాబట్టి నాకు మర్యాద సూక్ష్మం.

ఆ శాఖలో తెగుళ్ళు వందల్లో ఉన్నాయి, తెలుగువాళ్ళం మాత్రం ఇద్దరమే. రెండో మనిషి సుగంధి. హుటాన్ మెలింటాంగ్ అనే ఊరి పిల్ల, ఇరవై నాలుగేళ్ళు, పై డిగ్రీకి పరిశోధన చేస్తోంది. పేరు సుగంధి, చదివేది కుళ్ళు. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ నోటికి రాదు, వచ్చిన నాలుగు ముక్కలకి ముందో అరవం, వెనకో మలయ్, చివర 'లా' తగిలిస్తుంది. నీ తెలుగుకి తెగులు పట్టిందమ్మా, ముందు దానికి మందు కనిపెట్టు అనేవాణ్ణి. ఆ మాట లోపలికి వెళ్ళి, అనువాదమై, అక్షరాలు తిరగబడిన సంగతి తేలి, నవ్వుగా బయటికి రావడానికి నిమిషం పట్టేది. నాకేం తొందర, నిలబడేవాణ్ణి. మా ఇంట్లో నా మాటలకి నవ్వు రావడం మానేసి పుష్కరం దాటింది.

సుగంధి చదివే కుళ్ళు ఆయిల్ పామ్ చెట్టుకి పట్టేది. మొదలు కుళ్ళు తెగులు అంటారు. చెట్టు మొదట్లోంచి గోధుమరంగు పుట్టగొడుగు చెక్కబిళ్ళలా పొడుచుకొస్తుంది. అది పైకి కనిపించేసరికే లోపల చెట్టు సగం డొల్ల. ఆ శిలీంధ్రం పేరు గనోడెర్మా. గనోడెర్మా కాదమ్మా, వీడు ఘనుడమ్మా అన్నాను. సుగంధి ఆ రోజు నవ్వలేదు. వాళ్ళ నాన్న రవిచంద్రన్ పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, దానికి తోడు నాలుగెకరాల ఆయిల్ పామ్ తోట ఉంది. ఆ తోటలో రెండేళ్ళలో పదిహేడు చెట్లు కూలిపోయాయట. మిగతావాటిని కూడా కొట్టించి నేల చదును చేయించేస్తానని ఆయనంటే, నా చదువయ్యేదాకా ఆగు నాన్నా అని ఈ పిల్ల ఆపి ఉంచింది.

ఘనుడి మీదికి ఆమె తోలుతున్నది ఇంకో శిలీంధ్రాన్ని. ట్రైకోడెర్మా దాని పేరు. నేలలోనే ఉంటుంది, ఇతర శిలీంధ్రాలని తిని బతుకుతుంది. శిలీంధ్రానికీ ఆంధ్రానికీ తోక ఒకటే కాబట్టి వాళ్ళలో వాళ్ళు కొట్టుకోవడం నాకు వింతగా అనిపించలేదు. దాన్ని ఉడికించిన అన్నం మీద పెంచుతారు. వారం తిరిగేసరికి తెల్లన్నం ఆకుపచ్చ పొడి కప్పుకుని, అచ్చం గోంగూర కలిపిన అన్నంలా తయారవుతుంది. నేను దాన్ని గోంగూరన్నం అనే పిలిచేవాణ్ణి. కొన్నాళ్ళకి శాఖలో చైనా పిల్లలు కూడా 'గోంగురా' అనడం మొదలుపెట్టారు. భాషాసేవ ఎటునుంచి జరుగుతుందో చెప్పలేం.

జనవరిలో ప్రయోగం మొదలైంది. నల్ల సంచుల్లో అరవై ఆయిల్ పామ్ మొక్కలు, నీడ వల కింద ముప్ఫై ముప్ఫై చొప్పున రెండు వరుసలు. ఘనుణ్ణి పెంచిన రబ్బరు చెక్క ముక్కని ప్రతి మొక్క వేళ్ళ దగ్గరా పాతిపెట్టింది సుగంధి. అంటే జబ్బు అందరికీ సమానంగా పంచింది. తేడా అంతా తిండి దగ్గర. మొదటి వరుసకి నెలకోసారి గోంగూరన్నం. రెండో వరుసకి అదే అన్నం, బూజు లేకుండా, ఒట్టిది. ఆ రెండో వరుసని కంట్రోల్ అంటారు. మందు పనిచేసిందని చెప్పాలంటే మందు పడని మొక్క పక్కన ఉండాలి కదా అని ఆ పిల్ల నాకు మూడు భాషల్లో చెప్పింది. తల ఊపాను. ఇరవై ఆరేళ్ళు బస్సులో కూర్చున్న మెడ, ఊగడం దానికి అలవాటు.

ఇక్కడ నా రెండో ఉద్యోగం గురించి చెప్పాలి. మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో, రామాలయంలో పండగ భోజనాలకి వడ్డన నాది. ముప్ఫై ఏళ్ళుగా గరిటె నా చేతిలోనే ఉంది. అంతకుముందు మా నాన్న కూర్మయ్య చేతిలో ఉండేది. ఆయన చిన్నతనంలో రబ్బరు ఎస్టేట్‌లో పండగొస్తే రెండు బంతులు వేసేవారట. మొదటి బంతి కిరాణీలనే ఎస్టేట్ గుమాస్తాలకీ వాళ్ళ చుట్టాలకీ. రెండో బంతి రబ్బరు గీసేవాళ్ళకి. మొదటి బంతికి పప్పు, రెండో బంతికి పప్పు గిన్నె కడిగిన నీళ్ళు. మా నాన్న ఆ రెండో బంతిలో కూర్చుని తిన్నవాడు. పెద్దయ్యి, పట్నం చేరి, గరిటె తన చేతికి వచ్చిన రోజున రామాలయంలో ఒక కట్టుబాటు పెట్టాడు. వరుస మొదట్లో ఏది పడితే వరుస చివర్లోనూ అదే పడాలి, అంతే కొలతలో పడాలి. నాకు గరిటె అప్పగించేటప్పుడు ఆయన చెప్పింది ఒక్క మాట.

"మొకం సూడకురా. ఆకు సూడు."

ఎవరు కూర్చున్నారన్నది మనకి అనవసరం, ఆకులో ఏం తక్కువైందో అదే చూడమని. చెట్టుకి వేరు ఉండాలి గానీ వడ్డనలో వేరు ఉండకూడదని నేను దానికి నా వంతు తోక తగిలించాను.

ఏప్రిల్‌లో సుగంధికి డెంగీ పట్టుకుంది. హుటాన్ మెలింటాంగ్ ఇంటి దగ్గర మంచం మీంచి ఫోన్ చేసి ఆ నెల వడ్డన నాకు ఒప్పజెప్పింది. చలిగదిలో పై అరలో సంచులు ఉన్నాయి, పచ్చ చీటీవి మొదటి వరుసకి, తెల్ల చీటీవి రెండో వరుసకి, మొక్కకి ఒక గరిటె. కింది అరలో ఉన్న పచ్చ చీటీ సంచులు మే నెలకి, ముప్ఫైకీ సరిపడా ఇంకా తయారవలేదు, వాటిని ముట్టుకోవద్దు. అన్నీ మళ్ళీ నా చేత చెప్పించుకుంది. అప్పజెప్పాను. బడిలో నేను ఎక్కం కూడా అంత శుభ్రంగా ఎప్పుడూ అప్పజెప్పలేదు.

అది శ్రీరామనవమి మర్నాడు, శుక్రవారం. ముందురోజు గుడిలో నాలుగు వందల ఆకులకి వడ్డించి వచ్చాను, భుజం ఇంకా ఆ ఊపులోనే ఉంది. గుడి గరిటె కూడా నా సంచిలోనే ఉండిపోయింది. పది గంటలకి నీడ వల కిందికి వెళ్ళి మొదటి వరుసకి దానితోనే గోంగూరన్నం వడ్డించాను. నిగనిగలాడుతున్నాయి మొక్కలు, పెళ్ళివారిలా ఉన్నాయి. తెల్ల చీటీ సంచి విప్పి రెండో వరుస వైపు తిరిగాను.

ఆకు చూశాను.

కింది ఆకులు పసుపెక్కి ఉన్నాయి. కొనలు ఎండి గోధుమరంగుకి తిరిగాయి. కొత్త ఆకు విచ్చుకోకుండా ఈటెలా ముడుచుకుని ఉంది. ముప్ఫైలో తొమ్మిది అప్పటికే వాలిపోతున్నాయి. ఎదురు బంతికి గోంగూర పడింది, వీళ్ళ ముందు నేను ఒట్టన్నం పట్టుకుని నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళ వడ్డనలో ఏ ఆకు ముందూ నా చెయ్యి అలా ఆగిపోలేదు. ఆ వరుసని కంట్రోల్ అన్నారు గానీ, కంట్రోల్ లేనివాణ్ణి నేను.

చలిగదికి వెళ్ళి కింది అర సంచులు తెచ్చాను. రెండో వరుస మొదటి మొక్క దగ్గర మొదలుపెట్టాను. గరిటె తర్వాత గరిటె, ఆగకుండా. ఇరవై రెండో మొక్క దగ్గరికి వచ్చేసరికి సంచి అడుగంటింది. ఇంక ఎనిమిది మిగిలాయి. వాటికి తెల్ల సంచిలోంచే వడ్డించి, చేతులు జోడించి, కోపగించుకోకండమ్మా, మళ్ళీ బకెట్ వచ్చినప్పుడు మీ దగ్గర్నుంచే మొదలుపెడతానని మాటిచ్చాను. మా వడ్డనవాళ్ళకి ఒక అలవాటుంది. కూర ఎక్కడ అయిపోతే అక్కడ ఒక గుర్తు పెడతాం, వంటింట్లోంచి బకెట్ తిరిగొచ్చేసరికి ఎవరిదగ్గర ఆగామో మర్చిపోకుండా. నా సంచిలో మొన్న తిన్న సాటే పుల్ల, మాంసం ముక్కలు గుచ్చి కాల్చే వెదురు పుల్ల, ఉంది. దాన్ని ఇరవై రెండుకీ ఇరవై మూడుకీ మధ్య నేలలో గుచ్చాను.

ఇంటికెళ్ళి పుష్పవల్లికి ఈ సంగతి ఛాతీ పొంగించి చెప్పాను. ఆమె బెండకాయలు కోస్తోంది, కత్తి ఆపలేదు.

"ఆ గుంట ముట్టుకోవద్దన్నాదా, నేదా?"

"అన్నాది."

"మరి?"

"ఆకలిగా ఉన్నోడి ముందు ఒద్దంటే ఎలాగే?"

"మొక్కలు నీతో సెప్పినాయేటి ఆకలని? నాను మిక్సీ బాగుసెయ్యమని మూడు నెల్లుగా నోటితోనే సెప్తన్నాను, అది మాత్రం ఇనపడదు."

ఆమె అన్నది నాకు ఆ క్షణంలో కాదు గానీ, రెండు వాయిదాల్లో దిగింది. మొదటి వాయిదా, మూడు వారాల తర్వాత సుగంధి తిరిగొచ్చిన రోజు. సగానికి సగం చిక్కిపోయింది, మొహం నిండా నవ్వు. చలిగదిలో మే నెల సంచులు లేకపోవడం చూసి, పాడైపోయాయని ఎవరో పారేసి ఉంటారనుకుని కొత్తవి తయారుచేసుకుంది. నన్ను అడగలేదు. అడిగితే చెబుదామని అక్కడే నిలబడ్డాను. అడక్కపోతే చెప్పకూడదని ఎక్కడా లేదు, అది నాకూ తెలుసు. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రోజూ వచ్చింది, రోజూ వెళ్ళింది.

రెండో వాయిదా జూన్ నెలాఖరున. అప్పటికి రెండో వరుస చాలామటుకు పడిపోయి ఉండాలి. పడలేదు. పసుపెక్కిన మొక్కలు అక్కడే ఆగి, కొన్నిట్లో కొత్త ఆకు విచ్చుకుంది కూడా. చివర్న ఉన్నవి మాత్రం ఒకదాని వెనక ఒకటి వాలిపోయాయి. సుగంధి రోజూ స్కేలు పట్టుకుని కొలుస్తోంది, కొలిచినకొద్దీ మొహం పాలిపోతోంది. ఆమె గైడు ప్రొఫెసర్ నోర్‌హయాతి వచ్చి చూసి, చెక్క ముక్కల్లో జబ్బు సమానంగా పట్టలేదేమోనని, అలాగైతే మొదటి వరుస బాగుండటానికి కూడా మందే కారణమని చెప్పలేమని అంది. అంటే ఆరు నెలల పని మొత్తం మొదలు కుళ్ళిపోయినట్టే. ఆగస్టులోగా థీసిస్ ఇవ్వకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. మళ్ళీ మొదలుపెట్టడానికి ఇంకో ఆరు నెలలు లేవు.

ఆ సాయంత్రం సుగంధి రెండు వరుసల మధ్య ఒక ప్లాస్టిక్ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి చెట్లు కొట్టించేసుకోమని చెప్పేస్తానంది. ఎక్కడో నేనే తప్పు చేశాను, జబ్బు సరిగ్గా పంచలేకపోయాను అంది. ఆ మాట నాకు గరిటెతో కొట్టినట్టు తగిలింది. వడ్డించినవాణ్ణి నేను, తప్పు తనదంటోంది పిల్ల.

"నీ సెయ్యి కాదమ్మా," అన్నాను. "నా సెయ్యి."

అంతా చెప్పాను. జోకు ఒక్కటీ రాలేదు. నా జీవితంలో ఒక్క శ్లేష కూడా లేకుండా పది వాక్యాలు వరుసగా మాట్లాడటం అదే మొదటిసారి, నా నాలుకకే ఆశ్చర్యం వేసి ఉంటుంది. సుగంధి నావైపు చూడలేదు. అరిచి ఉంటే బాగుండేది. నల్ల వల మీద చినుకులు పడటం మొదలైంది, ఆమె చాలా నెమ్మదిగా అడిగింది.

"ఏ రోజు, మామా?"

"శ్రీరామనవమి మర్నాడు. శుక్కురవారం. పదిగంటలు."

"ఎన్ని మొక్కలకి?"

"ఇరవైరెండు. ఆకరి ఎనిమిదికీ అందనేదు."

"షూర్-ఆ? నీకెట్ల తెలుస్తాది లా?"

"పుల్ల గుచ్చినాను."

ఆమె లేచిన తీరుకి బకెట్ దొర్లిపోయింది. వానలోనే వరుస చివరికి పరుగెత్తింది, వెనకాల నేను ఆయాసపడుతూ వెళ్ళాను. రెండు మొక్కల మధ్య నేలలో, నాచు పట్టి, నా సాటే పుల్ల నిలబడే ఉంది. దానికి ఇవతల ఇరవై రెండు. అవతల ఎనిమిది. ఎనిమిదిలో ఏడు చచ్చిపోయి ఉన్నాయి. ఇవతల ఇరవై రెండులో పోయినవి నాలుగు. సుగంధి పుల్లకి అటొకసారి, ఇటొకసారి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. మూడోసారి మొదలుపెట్టేటప్పటికి పైకే లెక్కపెడుతోంది, తెలుగులో, ఒకటి, రెండు, మూడు. ఆ పిల్లకి అంకెలు తెలుగులో వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు పొద్దున ప్రొఫెసర్ నోర్‌హయాతి గదిలో నాకు జరగవలసిన మర్యాద జరిగింది. ఈసారి సూక్ష్మంగా కాదు. హెచ్చరిక పత్రం ఇచ్చారు, చలిగది తాళం తీసేసుకున్నారు. థీసిస్ అంటే తీసేస్ అనుకుని ఉద్యోగం కూడా పోతుందేమోనని భయపడ్డాను. ఆవిడ తిట్టడం అయ్యాక ఒక ప్రశ్న వేసింది. ఏ మొక్కకి వడ్డించాలో ఎలా ఎంచుకున్నావు, బతికేలా ఉన్నవాటికి పెట్టావా, చచ్చేలా ఉన్నవాటికి పెట్టావా?

ఎంచుకోలేదన్నాను. వడ్డనలో ఎంచుకోవడం ఉండదు, వరుస ఎక్కడ మొదలైతే అక్కడ మొదలు, సంచి ఎక్కడ అయిపోతే అక్కడ ఆఖరు. ఆవిడ సుగంధి వైపు చూసింది. సుగంధి ఆవిడ వైపు చూసింది. వాళ్ళిద్దరూ ఏదో తిండి పదార్థం వాసన తగిలినట్టు మొహాలు పెట్టారు. ఎంచుకోకుండా పెట్టినదైతే అది కూడా ప్రయోగం కిందే లెక్కట.

మరి కొలత అని అడిగింది ఆవిడ. ఒక్కో మొక్కకి ఎంత పడింది, ఒకదానికి ఎక్కువ ఒకదానికి తక్కువ పడి ఉండదా? అది విన్నాక మాత్రం నాకు రోషం వచ్చింది. హెచ్చరిక పత్రం జేబులో పెట్టుకున్నాను గానీ, నా వడ్డనలో హెచ్చుతగ్గులన్న మాట పెట్టుకోలేకపోయాను. ఇంటికెళ్ళి గుడి గరిటె తెచ్చాను. ప్రయోగశాలలో త్రాసు పెట్టారు. ఈ వార్త ఎలా పాకిందో, శాఖ మొత్తం గుమిగూడింది. ఒట్టన్నం బేసిన్‌లో పోసి ఇచ్చారు. త్రాసు అంకెలు నాకు కనిపించకుండా అటు తిప్పి, పది గరిటెలు వడ్డించమన్నారు. నేను త్రాసు వైపు చూడలేదు, పక్కవాళ్ళ మొహాలూ చూడలేదు, గుడిలో నడిచినట్టే నడుచుకుంటూ పది పళ్ళేల్లో పది గరిటెలు వేశాను.

సుగంధి ఒక్కొక్కటే చదివింది. నలభై తొమ్మిది గ్రాములు. యాభై. యాభై. యాభై ఒకటి. నలభై తొమ్మిది. ఆరోది చదివేసరికి చైనా పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. పదోది చదివాక ప్రొఫెసర్ నోర్‌హయాతి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మా పరిశోధక విద్యార్థుల్లో ఇంత నిలకడైన చెయ్యి ఒక్కటీ లేదని మలయ్‌లో అంది. నేను ఆ మాటని పుష్పవల్లికి అదే రాత్రి తెలుగులోకి అనువదించాను, కొంచెం ఉప్పు వేసి. మిక్సీ విప్పు చూద్దాం, ఆ నిలకడ ఎంతో, అంది.

థీసిస్‌లో సుగంధి ఏదీ దాచలేదు. దాచొద్దని ప్రొఫెసర్ కూడా ఖండితంగా చెప్పింది. ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఎవరు, ఏ సంచిలోంచి, ఎన్ని మొక్కలకి, ఎన్ని గ్రాములు, అన్నీ రాసింది. ఏప్రిల్ దాకా అరవై మొక్కల కొలతలూ ఆమె పుస్తకంలో భద్రంగానే ఉన్నాయి కాబట్టి అక్కడిదాకా రెండు వరుసల లెక్క. అక్కడినుంచి మూడు గుంపుల లెక్క. మొదటినుంచీ తిన్నవాళ్ళు ముప్ఫై, జబ్బు పట్టాక తిన్నవాళ్ళు ఇరవై రెండు, అసలు తిననివాళ్ళు ఎనిమిది. కాండాలు కోసి చూస్తే, ఆలస్యంగా తిన్నవాటిలో కుళ్ళు మొదట్లోనే ఆగి ఉంది. జబ్బు పట్టాక, ముదరకముందు పెడితే ఆగుతుందేమోనన్న ప్రశ్న ఆమె అసలు ప్రణాళికలోనే లేదు. రవిచంద్రన్ తోటకి కావలసిన ప్రశ్న మాత్రం అదే. ఆయన చెట్లకి జబ్బు ఎప్పుడో పట్టింది కదా.

వైవా ఆగస్టు రెండో వారంలో. వై అని వాళ్ళడిగితే వా అని మనం ఏడవడమే వైవా అని ముందురోజు సుగంధికి చెప్పి నవ్వించాలని చూశాను. ఈసారి నిమిషం కూడా పట్టలేదు, వెంటనే నవ్వింది. నాకు మాత్రం రెండు గంటలసేపు గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు నవ్వు రాలేదు. కొనుక్కున్న తేతారిక్ టీ ప్లాస్టిక్ సంచిలోనే చల్లారిపోయింది.

తలుపు తెరిచి నన్ను లోపలికి పిలిచారు. కౌలాలంపూర్ నుంచి వచ్చిన పరీక్షాధికారి, నెరిసిన జుట్టు ఆయన, ఒక చిక్కుముడి దగ్గర ఆగి ఉన్నాడు. చివరి ఎనిమిది మొక్కలు వరుస కొసన ఉన్నాయి, అక్కడ ఎండ ఎక్కువేమో, అందుకే చచ్చాయేమో అని ఆయన అనుమానం. సుగంధి గోడ మీది బొమ్మ చూపించి, ఎదురుగా మొదటి వరుస చివరి ఎనిమిది కూడా అదే ఎండలో అదే నీళ్ళతో ఉన్నాయని, వాటిలో ఒక్కటీ పోలేదని చెప్పింది. ఆయన తల ఊపాడు. ఎనిమిది చాలా చిన్న అంకె అని తెలుసా అన్నాడు. తెలుసునని, అందుకే నిరూపించాననడం లేదని, చూశానని మాత్రమే రాశానని అంది. అప్పుడాయన నావైపు తిరిగి, మొక్కల్ని ఎంచుకోకుండా వడ్డించానని నువ్వంటున్నావు, మనిషన్నవాడు ఎంచుకోకుండా ఎలా ఉంటాడు అని అడిగాడు.

నాకు మలయ్ బస్సు నడపడానికి సరిపోయేంత వచ్చు, మా నాన్నని వివరించేంత రాదు. సుగంధి అందుకుంది.

"మామా, కూర్మయ్య తాత మాట సెప్పు. నాను సెప్తాను ఆళ్ళకి."

తెగులు పట్టిన తెలుగులో అంత పొడుగు వాక్యం ఆ పిల్ల నోట నేను వినడం అదే మొదలు. మొకం సూడకు, ఆకు సూడు, అన్నాను. ఆమె ఆయనకి చెప్పింది, జంగాన్ తెంగొక్ ముకా, తెంగొక్ దావున్. తర్వాత ఎస్టేట్ సంగతి, రెండు బంతుల సంగతి, పప్పు కడిగిన నీళ్ళ సంగతి కూడా చెప్పింది. ఇవన్నీ నేను ఎప్పుడో బస్సు కబుర్లలా ఆమె చెవిన వేసినవే. వింటోందని అనుకోలేదు. నెరిసిన జుట్టు ఆయన కాగితాలు తిరగేసి, అయితే మీ ఇంట్లో ప్రయోగాలు రెండు తరాలుగా నడుస్తున్నాయన్నమాట అన్నాడు. పది నిమిషాల తర్వాత ప్యాసన్నారు. ఒక షరతు పెట్టారు: మూడు వరుసలతో, పెద్ద ఎత్తున, ఇదే ప్రయోగం మళ్ళీ చెయ్యాలి.

అలా అక్టోబరు మొదటి ఆదివారం మేమంతా హుటాన్ మెలింటాంగ్‌లో రవిచంద్రన్ తోట పక్కన కొత్త నీడ వల కింద నిలబడ్డాం. నది వైపునుంచి ఎండుచేపల వాసన వస్తోంది. సుగంధి పీహెచ్‌డీకి చేరింది. రవిచంద్రన్ చెట్లు కొట్టించలేదు. ఫలితం తేలేదాకా తోటకి ఏ మాటా ఇవ్వలేనని ప్రొఫెసర్ ముందే చెప్పింది, ఆయన సరేనన్నాడు. ఇంజను మనిషి, విప్పి చూడకుండా చెత్తలో వెయ్యడం ఆయనకీ ఇష్టం లేదు. పుష్పవల్లి పెద్ద టిఫిన్ కారియర్లో పులిహోర తెచ్చింది, బాగుపడిన మిక్సీలో రుబ్బిన చట్నీతో సహా.

మూడు వరుసలు, వరుసకి నలభై. మొదటి వరుసకి ఇవాళ్టినుంచి గోంగూరన్నం. రెండో వరుసకి ఆకు పసుపెక్కాక. మూడో వరుసకి ఎప్పుడూ ఒట్టన్నమే. చలిగది తాళం నాకు ఇంకా తిరిగి ఇవ్వలేదు. గరిటె మాత్రం నాకే ఇచ్చారు, ఇంకెవరి చేతికీ ఇవ్వొద్దని ప్రొఫెసర్ రాతపూర్వకంగా పెట్టింది.

మొదటి వరుసకి వడ్డించాను. రెండో వరుసకి ఒట్టిది వడ్డించాను, మీ బకెట్ వస్తుందని వాళ్ళకి ధైర్యం ఉంది. మూడో వరుస దగ్గరికి వచ్చాను. నలభై లేత మొక్కలు, ఎదురుగా చూస్తున్నాయి. నా చెయ్యి ఆగింది. అది ఆగుతుందని తనకి ముందే తెలిసినట్టు సుగంధి నా పక్కకొచ్చి నిలబడి, నాతో కాదు, ఆ మొక్కలతో అంది.

"ఏటీ అనుకోకండమ్మా. మీరు ఒట్టిది తింటేనే కదా మా నాన్న చెట్లకి ఏది పెట్టాలో తెలిసేది. మామది తప్పు నేదు లా."

పుష్పవల్లి నవ్వు ఆపుకోలేక కారియర్ మూత కింద పడేసింది. పన్నెండేళ్ళకి ఆమె నవ్వింది, అదీ నా మాటకి కాదు. నేను గరిటె ముంచాను. మొకం చూడలేదు. ఆ ఒక్క రోజుకి, నాన్న క్షమించాలి, ఆకు కూడా చూడలేదు. నలభై గరిటెలు, ఒక్కోటి యాభై గ్రాములు, చివరిదాకా వడ్డించి, ఎవరికి బాకీ ఉన్నానో మర్చిపోకుండా వరుస ఆఖర్న సాటే పుల్ల గుచ్చాను.